అమ్మ మోకాళ్లు, అండమాన్ ప్లాను

"అక్కడ కొండలూ గుట్టలూ ఎక్కాలంటగా. మీరెళ్లి రండ్రా, నేను ఇంటికాడుంటా."

కల్లంలో తాలుకాయలు ఏరుతూ అమ్మ అన్న మాట. పొద్దుట్నుంచీ మనసులోంచి పోవట్లేదు.

మిరపచేలో వంగి వంగి అరిగిన మోకాళ్లవి.
ఆమె చూడని సముద్రం మాకెందుకు?

అందుకే అండమాన్ ప్లానంతా మార్చేశా.

ఎలిఫెంట్ బీచ్‌కి అడవిలో నడక వద్దు, హేవ్‌లాక్ జెట్టీ నుంచి పడవ ఉంది. బారాటాంగ్ గుహలు వదిలేశా, పడవ దిగాక చాలా నడవాలి. రాస్ ఐలాండ్‌లో బ్యాటరీ బండ్లున్నాయి. సాయంత్రం సెల్యులార్ జైల్లో కూర్చుని లైట్ అండ్ సౌండ్ షో.

రాధానగర్ బీచ్‌లో మాత్రం పూటంతా ఏ పనీ పెట్టుకోం. అమ్మ ఇసుకలో కాళ్లు చాపుకుని కూర్చోవాలి. మిరప ఘాటుకి మండీ మండీ బండబారిన ఆ చేతులు ఉప్పునీళ్లలో ఆడించాలి. ఎంతసేపైనా సరే.

భాష బెంగ లేదు, పోర్ట్ బ్లెయిర్‌లో మన తెలుగోళ్లు బాగానే ఉన్నారు. మే మూడో వారానికల్లా అక్కడ వానలు మొదలవుతాయి. మిర్చి యార్డులో కాయ అమ్మేసి, ఆలోపే వెళ్లి రావాలి.

పెద్దవాళ్లని తీసుకెళ్లినవాళ్లు చెప్పండి. పడవ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు వాళ్లకి ఇబ్బందైందా? ఏ సీట్లు తీసుకోమంటారు?