అంతర్వేది త్రోవలో కారు లెక్క

కనుమ నాడు కాకియైనను కదలదని పెద్దల మాట. అందుచేత 2026 సంక్రాంతికి మేము తలపెట్టిన అంతర్వేది యాత్ర ముక్కనుమ నాటికి జరిగినది. మా మరిది బ్రిటను దేశమున ఒక సంస్థలో ఉద్యోగము చేయుచున్నాడు. రెండేండ్ల తరువాత ఇల్లు చేరెను. అక్కడి బడికి సెలవులు లేనందున మా తోడికోడలును పాపయు రాలేదు. అతనికి ఉద్యోగము దొరికిన నాడు మా అత్తగారు లక్ష్మీనరసింహస్వామికి మ్రొక్కిన మ్రొక్కు ఇంకను తీరలేదు. బడి తెరువకమునుపే వెళ్లి రావలెనని మా వారును తొందరపెట్టిరి. కావున మంచు విడువని తెల్లవారుజామున అత్తగారు, మా వారు, మరిది, మా చిన్నవాడు, మేము ఒక అద్దె కారులో రాజమహేంద్రవరము నుండి బయలుదేరితిమి.

మ్రొక్కుతోపాటు ఇంకొక పనియు మాతో కారెక్కినది. మా మరిది పనిచేయు సంస్థ అతనికి గడువు మీద ఒక కారు నిచ్చును. సంస్థ అద్దె చెల్లించును, ఇతడు నడపుకొనును, గడువు తీరగానే బండి దాని యజమానులకు తిరిగి పోవును. ఏ బండి కావలెనో, ఎన్ని యేండ్లకు కావలెనో సోమవారము లోపల వ్రాసి పంపవలెనట. అతని మనస్సు ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అను బండి మీద నున్నది. కారుల సంగతి మగవారికి గాని మనకేల యని సోదరీమణులు పుట త్రిప్పివేయవలదు. ఇంటిలో కరెంటు బిల్లు చూచునది మనము. పన్ను పోగా మిగిలిన జీతముతో నెల గడుపునది మనము. ఈ లెక్క మనకు తెలియనిది కాదు.

మేమెక్కిన అద్దె కారు కూడ హైబ్రిడ్డే, ఇన్నోవా హైక్రాస్. కాని దానికి గోడ ప్లగ్గుతో పనిలేదు. పెట్రోలు ఇంజనుతోపాటు ఒక మోటారును చిన్న బ్యాటరీయు దానిలో నున్నవి. డ్రైవరు ముందరి తెర మీది బాణపు గుర్తులు మా చిన్నవానికి చూపెను. వేగము తగ్గించినప్పుడు బాణము చక్రముల నుండి బ్యాటరీకి పోవును. అనగా చక్రమే మోటారును త్రిప్పి కరెంటు పుట్టించును. మా మామగారి సైకిలుకు చక్రమును రాచుకొని దీపము వెలిగించు డైనమో ఉండెడిది, ఇదియు అట్టిదే. స్పీడు బ్రేకరు వచ్చినప్పుడెల్ల చిన్నవాడు చప్పట్లు కొట్టెను. ఊరూర నిన్ని స్పీడు బ్రేకర్లేల యని నిత్యము విసుగుకొను మాకు ఆనాడు వాటివలన నొక లాభము కనబడినది.

ప్లగ్-ఇన్ బండిలో బ్యాటరీ పెద్దది. రాత్రి గోడ ప్లగ్గుకు తగిలించి నింపుకొనవలెను. ఆ నిండుదల ఉన్నంత దూరము పెట్రోలుతో పనియుండదు, అది తీరగానే ఇంజను అందుకొనును. మన దేశమున అట్టివి మిక్కిలి ధర గలవి కొన్నియే అమ్మకమునకు వచ్చినవి. మన వీధులలో కనబడు హైబ్రిడ్లు చాలవరకు ప్లగ్గు లేనివే. 2025 సెప్టెంబరు 22 నుండి మన జీఎస్టీ పూర్తి విద్యుత్తు కారుకు నూటికి 5, పెద్ద హైబ్రిడ్లకు నూటికి 40 అయినది. ఆ తేడా చూచిన పిమ్మట ఇక్కడ నడిమి బండికి ఆశపడువారు తక్కువ. బ్రిటను లెక్క వేరు.

ధవళేశ్వరము చేరుసరికి సూర్యుడు గోదావరి మీదికి వచ్చెను. ఆర్థరు కాటను 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ఆనకట్ట ముగించెను. ఇప్పుడు మనము దాటునది దాని స్థానమున తరువాత కట్టిన బ్యారేజి. నది వెడల్పు, నడుమ లంకలు, గట్ల మీది మంచు చూచుచు అత్తగారు చేతులు జోడించిరి. మా వారు బడిపంతులు గనుక ఊరకుండలేక, “కాటను త్రవ్వించిన కాలువలు పంటకే కాదురా, పడవలకును. లాకుల వద్ద నీటిమట్టము హెచ్చించి, తగ్గించి పడవలను దాటించెడివారు” అని చెప్పిరి. “అయితే కాలువ కూడ హైబ్రిడ్డే” అనెను చిన్నవాడు. క్రింద రైలును పైన రోడ్డును పోవు మన ఊరి 1974 నాటి వంతెనయు హైబ్రిడ్డేనని వాడే తీర్మానించెను. అందరమును నవ్వితిమి. మా మరిది మాత్రము “ఆ పడవలు ఇప్పుడేవిరా?” అనెను. నిజమే. లారీలు వచ్చిన పిమ్మట సరకు పడవలు కాలువలను విడిచినవి. నీరు మాత్రము పొలములకు పోవుచునే యున్నది.

బొబ్బర్లంక నుండి కాలువ గట్టు పట్టిన తరువాత అతడు తన లెక్క విప్పెను. నన్నయభట్టు తెనిగించిన నలోపాఖ్యానమున ఋతుపర్ణుడు రథము మీద పోవుచునే తాండ్రచెట్టు ఆకులును కాయలును లెక్కించి చెప్పును. పగ్గములు పట్టిన బాహుకునికి అశ్వహృదయము తెలియును గాని ఆ లెక్క తెలియదు. మాకు ఆ కథ జ్ఞప్తికి వచ్చినది. ముందు కూర్చున్న డ్రైవరుకు బండి తెలియును, వెనుక కూర్చున్న మరిదికి అంకెలు తెలియును.

బ్రిటనులో సంస్థ యిచ్చిన కారును జీతములో భాగముగా నెంచి పన్ను వేయుదురు. కారు పట్టీ ధరలో నూటికి ఇంతయని కట్టి ఆదాయమునకు కలుపుదురు. 2025-26లో, విద్యుత్తు మీదనే 40 నుండి 69 మైళ్లు పోగల ప్లగ్-ఇన్ బండికి అది నూటికి 9, పూర్తి విద్యుత్తు బండికి 3. బండి ధర 40,000 పౌనులైనచో 3,600 పౌనులు ఆదాయమున చేరును. నూటికి 40 చొప్పున పన్ను కట్టువాడు వాటి మీద ఏటికి 1,440 పౌనులు ఇచ్చుకొనవలెను. “వట్టి పెట్రోలు బండికంటె ఎంతో నయము వదినగారూ” అనెను.

“ఈ లెక్క నాలుగేండ్లును ఇట్లే నిలుచునా?” అని మేమడిగితిమి. కందిపప్పు ధర ఏటేట చూచువారికి ఈ ప్రశ్న తోచుట వింత గాదు. అతడు కొంచెము తడబడెను. మొదట ఏటికొక్కటి చొప్పున పెరిగి, 2028 ఏప్రిల్ నుండి అట్టి బండ్లన్నిటికిని, విద్యుత్తు మీద ఎంత దూరము పోగలిగినను సరే, నూటికి 18 అగునట. అప్పుడు 1,440 కాస్త 2,880. పూర్తి విద్యుత్తు బండికి ఆ యేడు 7 మాత్రమే. అతడు కోరదలచిన నాలుగేండ్ల గడువులో సగము ఈ రెట్టింపు పన్ను క్రిందనే పోవును.

ఆత్రేయపురమున పూతరేకుల కొరకు బండి ఆపించితిమి. బోర్లించిన కుండ క్రింద ఎండుటాకుల మంట. పలుచని బియ్యపు పిండిలో ముంచిన గుడ్డను ఆ ఇల్లాలు కుండ వీపు మీద ఒక్కసారి పరచి లాగెను. రెప్పపాటులో రేకు లేచినది. ఇంటివద్ద మేము రెండు మారులు ప్రయత్నించి కుండ మార్చి, పిండి మార్చి, చివరకు మానుకొంటిమి. ఆమె మాత్రము మాతో మాటలాడుచునే పని చేయుచుండెను. అత్తగారు పాప కొరకు రెండు డబ్బాలు కట్టించిరి.

రావులపాలెము దాటిన పిమ్మట మా వారు వేరొక ప్రశ్న వేసిరి. “పెట్రోలు ఖర్చెవరిది?” సంస్థ పని మీద పోవునదంతయు సంస్థదే. “అట్లయిన రాత్రి ప్లగ్గు తగిలించుట ఎవరికి గుర్తుండును?” ఈ సందేహము ఐరోపావారికి మునుపే కలిగినది. 2022లో ఫ్రౌన్‌హోఫర్ సంస్థయు ఐసీసీటీయు ప్రకటించిన పరిశోధనలో, సొంతమునకు కొన్నవారు తమ ప్లగ్-ఇన్ బండ్లను దాదాపు సగము దూరము విద్యుత్తు మీద నడుపగా, సంస్థలిచ్చిన బండ్లు నూటికి 11 నుండి 15 వంతులే అట్లు నడచినవి. బ్రిటనులో గడువు తీరి తిరిగివచ్చిన కొన్ని బండ్లలో ప్లగ్గు తీగ కట్టైనను విప్పకయే యుండెనని 2018లో పత్రికలు వ్రాసినవి. మన అల్మారాలలో అట్ట విప్పని పెండ్లి కానుకలు లేవా? కాని కానుక బరువు అల్మారా మోయును. నింపని బ్యాటరీ బరువు పెట్రోలు పోసి మోయవలెను.

అక్కడినుండి కోనసీమ. దాళ్వా నాట్లు వేసిన చేలు లేతపచ్చగా నున్నవి, వాటి వెనుక కొబ్బరితోటలు ఆకాశమును కప్పినవి. గన్నవరము వద్ద వైనతేయ పాయ మీదుగా కాలువను దాటించిన అక్విడక్టును చూచి, నీటి మీద నీరు పోవుట ఎన్ని మారులు చూచినను వింతయేనని అత్తగారనిరి. 40 మైళ్లనగా ఎంతయో ఆమెకు తెలియలేదు. రాజమహేంద్రవరము నుండి అమలాపురమంత యని మా వారు చెప్పగా తెలిసినది. మా మరిదికి పనికి రానుపోను 30 మైళ్లు. బ్యాటరీ నిండుటకు 18 యూనిట్లు పట్టును. మా ఇంటి మూడు దినముల వాడుక! మామూలు ప్లగ్గుతో నింపుటకు ఎనిమిది గంటలు.

అంతర్వేదిలో దర్శనము నిమ్మళముగా జరిగినది. మ్రొక్కు చెల్లించి వెలుపలికి వచ్చి రథశాల వద్ద ఆగితిమి. స్వామి పాత రథము 2020 సెప్టెంబరులో అగ్నిపాలయ్యెను. ఇప్పుడున్నది దాని తరువాత చేయించినది, 2021లో స్వామి సేవకు వచ్చినది. అత్తగారు దానిని చాలసేపు చూచి కుమారుని వైపు తిరిగిరి. “అబ్బాయీ, నీ బండి రాత్రిపూట ఎక్కడ ఉండును?”

అంతవరకు శాతములు గడగడ చెప్పినవాడు దీనికి వెంటనే జవాబు చెప్పలేకపోయెను. అతనిది అద్దె ఇల్లు. బండి వీధిలో నిలుచును. కాలిబాట మీదుగా తీగ లాగుట కుదరదు. “పాక లేకుండ ఎడ్లను తోలుకొని వత్తురా?” అనిరి ఆమె. “ఆఫీసులో ప్లగ్గులున్నవమ్మా.” “ఎందరికి?” అతడు నవ్వి ఊరకుండెను.

గోదావరి సముద్రమున కలియుచోట ఇసుకలో కూర్చుండి పులిహోర తినుచుండగా ఆమె మరల అడిగిరి. “గడువు ఎన్నేండ్లకు?” “నాలుగేండ్లమ్మా, అద్దె తగ్గును.” ఆమె వ్రేళ్ల మీద లెక్కించిరి. 2030. నడుమ 2027లో గోదావరి పుష్కరములు వచ్చును. మూడేండ్లలో తిరిగివచ్చి ఇక్కడనే ఉద్యోగము చూచుకొందునని అతడు క్రిందటి మారు చెప్పియుండెను. ఆ మాట ఎవరును ఎత్తలేదు. మేము దారి పొడుగున పన్ను సంగతియే అడిగితిమి గాని ఈ గడువు మాకు తోచలేదు. అత్తగారు ప్రసాదము పైట కొంగున ముడివేసికొని లేచిరి.

మేము ఇల్లు చేరుసరికి వీధిలో కరెంటు లేదు. “బాబాయి బండి ఇప్పుడెట్లు నిండును?” అనెను చిన్నవాడు నిద్రమత్తులో.

ఆదివారము రాత్రి మా మరిది తోడికోడలితో చాలసేపు మాటలాడెను. వేసవికి మారదలచిన ఇంటి ముందర బండికి చోటున్నదట. ఖర్చు తాము పెట్టుకొన్నచో గోడకు ప్లగ్గు పెట్టె బిగించుకొనుటకు యజమాని సమ్మతించెనట. మా మాట పూర్తి విద్యుత్తు బండికే. కాని చలికాలపు రాత్రి దూరప్రయాణమున పాపతో త్రోవలో నిలిచిపోవుదుమేమోనని ఆమె భయము. ఆ భయమును నూటికి ఇంతయని మేము కట్టలేము. కావున ప్లగ్-ఇన్ బండియే నిలిచినది. తీగ తగిలించు పని తనదేనని ఆమె పూచీపడెనట, అది విని మాకు కొంత నెమ్మది కలిగినది.

గడువు గడిలో అతడు మొదట 4 అని వేసి, తుడిచి, 3 అని వేయుట మేము చూచితిమి. అట్లయినచో రెట్టింపు పన్ను ఒక్క యేడే పడునని అతడే మాతో అనెను. వంటింటి నుండి అత్తగారు “పంపినావా?” అని కేక వేసిరి.

“పంపితినమ్మా. మూడేండ్లకే.”

ఆమె బదులు పలుకలేదు. పూతరేకుల డబ్బాలకు మరి రెండు కాగితములు చుట్టి, త్రాడు బిగించి, అతని పెట్టెలో బట్టల నడుమ పెట్టిరి.