కేదారపు దారిలో ఒక చొక్కా

కేదారనాథ యాత్ర చేసి వచ్చిననాటినుండి మా యింటికి వచ్చు సోదరీమణులు రెండు ప్రశ్నలు తప్పక అడుగుచున్నారు. మొదటిది, "స్వామి దర్శనము బాగుగా జరిగినదా?" అని. రెండవది, కొంచెము గొంతు తగ్గించి, "అక్కడ చలి యెట్లుండును? ఏయే బట్టలు తీసికొనిపోతిరి?" అని. మొదటి ప్రశ్నకు జవాబు సులభము. రెండవదానికి జవాబు చెప్పవలెనన్న మా పొరపాటును గూడ చెప్పుకొనవలసి యున్నది. అయినను అది మఱికొందఱికి ఉపకరించునను తలంపుతో ఇచ్చట వ్రాయుచున్నాము.

మేము గోదావరి యొడ్డున పుట్టి పెరిగినవారము. మాకు చలి యనగా ధనుర్మాసపు తెల్లవారుజామున రెండు గడియలసేపు దుప్పటి విడువకుండుటయే. అందుచేత మేమును, మా యత్తగారును, మా తోడికోడలును ప్రయాణమునకు మూట కట్టునపుడు ఎప్పటివలెనే నూలు చీరలు, నూలు రవికలు సర్దుకొంటిమి. తలకొక లావుపాటి స్వెట్టరు, ఒక శాలువ చేర్చితిమి. ఇంత లావు స్వెట్టరుండగా హిమాలయము మాత్రము మమ్మేమి చేయునని మా ధీమా.

మా యూరి యాత్రికులతో కలిసి ఋషీకేశమునుండి బయలుదేరి, అలకనందా మందాకినులు కలియు రుద్రప్రయాగను, గుప్తకాశిని దాటి సోనప్రయాగ చేరితిమి. అక్కడినుండి జీపులలో అయిదు కిలోమీటర్లు పోయిన గౌరీకుండము. నడక అక్కడ మొదలగును. గౌరీకుండము సముద్రమట్టమునకు సుమారు 6,500 అడుగుల యెత్తున నున్నది. స్వామి ఆలయము 11,750 అడుగుల యెత్తున నున్నది. దారి సుమారు 16 కిలోమీటర్లు. వెయ్యి అడుగులు పైకి పోయినకొలది చలి ఇంచుమించు రెండు డిగ్రీలు హెచ్చును. అనగా క్రింద నున్న వేడికిని పైన నున్న వేడికిని పది డిగ్రీల భేదమన్నమాట. గాలి, వాన వచ్చినచో ఆ భేదము ఇంకను ఎక్కువగా తోచును.

ఉదయము ఆరు గంటలకు గడగడ వణకుచు ఉన్న బట్టలన్నియు తొడిగికొని నడక సాగించితిమి. అరగంట యెక్కునప్పటికి మెడక్రింద చెమట కారజొచ్చెను. మేము స్వెట్టరు విప్పి చేత బట్టుకొంటిమి. మా యత్తగారు మాత్రము, "చలిగాలి తగిలిన రొమ్ము పట్టును. నేను తీయనమ్మా" అని విప్పుటకు ఒప్పుకొనలేదు. కాలినడకనే స్వామిని దర్శింతునని ఆమె మ్రొక్కు. అరువది రెండేండ్ల వయసున ఆమె మాకంటె ముందు నడచుచుండగా మేమును ఇక మాటాడలేదు.

దారి చాల సొగసైనది. జంగల్‌చట్టి, భీంబలి దాటువఱకు ఒకప్రక్క చెట్లు దట్టముగ నున్న కొండ, మఱియొకప్రక్క లోతున తెల్లగా నురుగులు గ్రక్కుచు మందాకిని. కంచరగాడిదల మెడగంటలు వినబడినప్పుడెల్ల కొండవైపునకు ఒదిగి నిలువవలెను. తరువాత రామబాడ. 2013 జూన్ నెలలో వచ్చిన వరదకు ముందు ఇచ్చట దుకాణములును, యాత్రికుల బసలును ఉండెడివి. ఆ వరదలో అన్నియు కొట్టుకొనిపోయినవి. పాత దారియు పోయినది. ఇప్పుడు ఇచ్చట వంతెనమీద నది దాటి ఆవలి యొడ్డున కొత్తదారి నెక్కవలెను. ఆ యెక్కుడు చాల నిలువైనది.

మధ్యాహ్నము రెండు గంటలకు మబ్బు క్రమ్మి వాన పట్టుకొన్నది. సోనప్రయాగలో కొన్న పలుచని ప్లాస్టిక్ కుప్పసములు గాలికి చినిగిపోయినవి. లించోలి సమీపించునప్పటికి మా యత్తగారు మాటలాడుట మానిరి. కుప్పసపు ముడి వేసికొనబోగా ఆమె వ్రేళ్లు ఆడలేదు. కొంతసేపటికి, "నాకు నిద్ర వచ్చుచున్నది. ఇచ్చటనే కూర్చుందును, మీరు పొండు" అని ముద్దముద్దగా పలికిరి. మా గుండె జారిపోయెను. ఆమెను చెరియొక చేయి పట్టుకొని దారిప్రక్కనున్న టీ దుకాణములోనికి తీసికొనిపోతిమి.

ఆ దుకాణము నడుపునది ఒక గఢ్వాలీ యిల్లాలు. మేము తొందరపడి మా శాలువలు గూడ ఆమెకు కప్పబోవుచుండగా, ఆ యిల్లాలు మమ్ము వారించి, అత్తగారి స్వెట్టరుక్రింద వీపున చేయిపెట్టి చూచి, "రవిక తడిసి ముద్దయైనది. తడిమీద ఎన్ని కప్పిన నేమి? ముందు అది విప్పుడు" అని హిందీలో మందలించినది. వెనుక గుడారములో తడిబట్టలన్నియు విప్పించి తుడిచితిమి. కాని తొడుగుటకు పొడిగుడ్డ యేది? మా మూటలన్నియు తడిసియుండెను. ఋషీకేశమున గంగాజలము పట్టిన చెంబునకు మాత్రము, సొట్టపడకుండుటకై మావారి పాత ఉన్నిచొక్కా యొకటి చుట్టి ప్లాస్టిక్ సంచిలో నుంచితిమి. అదియే పొడిగా నున్నది. పుట్టి బుద్ధెరిగి మగవారి చొక్కా తొడుగని మా యత్తగారికి కుమారుని చొక్కా తొడిగి, దుకాణపు రజాయి కప్పి, చక్కెర హెచ్చుగా వేసిన టీ కొంచెము కొంచెముగా త్రాగించితిమి. గంట గడచినపిమ్మట ఆమె కన్నులు తెఱచి, "ఈ టీలో అల్లము మఱీ యెక్కువైనది" అనిరి. ఆ మాట విని మా తోడికోడలు ఏడ్చివేసినది.

ఆ రాత్రి అచ్చటనే గుడారమున నిలిచి, మఱునాడు వాన వెలిసినపిమ్మట నెమ్మదిగా నడచి స్వామి దర్శనము చేసికొంటిమి. మా యత్తగారు ఆ చొక్కాతోనే గర్భాలయమునకు పోయిరి.

జరిగినదేమో ఇంటికి వచ్చి ఆలోచించితిమి. ఆమెను చలిపాలు చేసినది వాన యొక్కటే కాదు. ఉదయమున పట్టిన చెమటయు. నూలుగుడ్డ నీటిని పీల్చి పట్టుకొనును, త్వరగా ఆరదు. గాలికంటె నీరు సుమారు ఇరువదియైదు రెట్లు వేగముగా ఒంటివేడిని లాగివేయును. మన యెండలకు చల్లగా నుండు గుణమే కొండమీద ప్రాణాపాయమగును. ఉన్ని యట్లుకాదు. తన బరువులో ఇంచుమించు మూడవవంతు తేమను పీల్చియు ఒంటికి తడి తెలియనీయదు. తడిసినను కొంత వెచ్చదనము నిలుపుకొనును.

ఒక్క లావుబట్టకంటె పలుచని పొరలు మేలని పర్వతారోహకులు ఏనాడో యెరుగుదురు. 1924లో ఎవరెస్టుమీద మరణించిన జార్జి మల్లోరీ దేహము 1999లో దొరికినప్పుడు ఆయన ఒంటిమీద పట్టు, నూలు, ఉన్ని బట్టలు పొరలు పొరలుగా నుండెను. అట్టివే కుట్టించి 2006లో ఆ పర్వతముమీదనే తొడిగి చూడగా, అవి తేలికగను వెచ్చగను ఉన్నట్లు తేలినది. పొరకును పొరకును నడుమ నిలిచిన గాలియే మనకు రక్షణ.

కాబట్టి సోదరీమణులారా, కొండయాత్రకు మూడు పొరలు చాలును. ఒంటికి తగులునది పలుచని ఉన్నిదిగాని, ఆటలాడు పిల్లలు తొడుగు పాలియెస్టరు చొక్కాగాని కావలెను. ఇది చెమటను పట్టియుంచక త్వరగా ఆరును. నిండుచేతులది, ఒంటికి అంటియుండునది కొనుడు. థర్మల్ అని అమ్మువానిలో నూలువియు నుండును. లోపలి చీటీ చదువక కొనవలదు. రెండవది స్వెట్టరు, ముందు బొత్తములుగాని జిప్పుగాని యున్నచో నడుచుచునే విప్పుకొనవచ్చును. మూడవది గాలిని, వానను ఆపు గట్టి వానకోటు. చీర విడువలేని పెద్దలు నూలుచీరకు బదులు త్వరగా ఆరు పాలియెస్టరు చీర కట్టి, లోపల ఉన్ని లాగు తొడుగవలెను. తక్కినవారికి సల్వారు మేలు. జీన్సు లాగు తడిసిన మోయలేనంత బరువగును.

బయలుదేరునపుడు కొంచెము చలిగా నుండుటయే మంచిది. పదినిమిషముల నడకలో వెచ్చబడును. చెమట పట్టకమునుపే ఒక పొర విప్పవలెను, ఆగినవెంటనే తొడుగవలెను. ఒక జత పొడిబట్టలు ప్లాస్టిక్ సంచిలో మూతిగట్టి ఏమైనను విప్పక దాచవలెను. వెంటనున్నవారు వణకుచు మాట తడబడినచో, కప్పుటకు ముందు తడిబట్ట విప్పుడు.

మొన్న మా వీథినుండి కేదారమునకు పోవుచున్నవారి మూటను మా యత్తగారు స్వయముగా విప్పించి చూచిరి. నూలు రవికలు మూడు తీయించి, వారి చిన్నవాని ఆటలచొక్కా రెండు పెట్టించిరి. మావారి ఉన్నిచొక్కా మాత్రము ఆమె పెట్టెలో పట్టుచీరల నడుమ నున్నది. మావారు రెండుసార్లు అడిగిరి. ఇంకను తిరిగి ఈయలేదు.