తీగెల సంధి

ఇరవై యేళ్ళుగా కాలేజీలో సంధులు చెబుతున్నాను. అయినా మా యింట్లో తీగెల సంధి నా చేతిలోనే చెడింది.

గీజరు తీగె పొట్టిదైంది. మనిషిని పిలవడం డబ్బు దండగనుకుని, గోడలోని పాత అల్యూమినియం తీగెకు కొత్త రాగితీగె మెలిపెట్టి, టేపు చుట్టి, మా ఆవిడవంక గర్వంగా చూశాను. ఆవిడ ఏమీ అనలేదు.

నెల తిరగలేదు. గీజరు వేసిన మా అమ్మాయి, "నాన్నా, పొగ!" అని కేక పెట్టింది. మెయిన్ ఆపి చూద్దును గదా, టేపు కరిగి నల్లబడి ఉంది! అమ్మాయి చెయ్యి దానికి జానెడు దూరంలో ఉండింది.

ఎలక్ట్రీషియను కుర్రవాడొచ్చి నాకే పాఠం చెప్పాడు. "2000 వాట్ల గీజరు 230 వోల్టుల మీద దగ్గర దగ్గర 9 ఆంపియర్లు లాగుతుందండీ. ముడి వదులైతే అక్కడే వేడెక్కుతుంది. కరెంటు మోతాదు మించదు కనుక ఎమ్‌సీబీ పడదు. పైగా రాగీ అల్యూమినియమూ ఒకదాన్నొకటి తాకితే, చెమ్మకు అల్యూమినియం తినేసుకుపోతుంది."

రెండు లోహాలకూ పనికొచ్చే కనెక్టరు, తీగె లావుకు సరిపోయేది తెచ్చాడు. అందులో ఎవరి గది వారిదే. కావలసినంత మేరకే తొడుగు ఒలిచి, మరలు బిగించి, ఒక్కొక్క తీగెనూ లాగి చూశాడు. మూత ఉన్న పెట్టెలో అమర్చి, "దీన్ని గోడలో పూడ్చకండి. ఎప్పుడైనా చూసుకునే వీలుండాలి" అన్నాడు.

సవర్ణాలైతేనే సవర్ణదీర్ఘసంధి అని ఏటేటా చెప్పేవాణ్ణి నేనే!

ఎంత మిగిల్చారని మా ఆవిడ ఇప్పటికీ అడగలేదు. గీజరు వేసినప్పుడల్లా ఆ పెట్టెమీద చెయ్యి ఆనించి చూస్తున్నాను. చల్లగానే ఉంటోంది.