పగడం లేని తొట్టి

మన ఊళ్లలో సంపు అంటే నేలలో కట్టిన నీళ్లతొట్టి. చేపలను పెంచేవారి సంపు వేరు. అద్దాలతొట్టి దిగువన దాగి, పైనుండి పొర్లివచ్చే నీటిని వడపోసి, పంపు ద్వారా తిరిగి పైకి పంపే పెట్టె అది. వండూర్‌లోని మా ఇంట, అబ్బాయి పట్టుబట్టగా, అక్రిలిక్ పలకలతో దానిని స్వయంగా నిర్మించాను. ఈ పలకలను అతికించేది జిగురు కాదు, ద్రావకం; అంచులను కరిగించి ఏకఖండం చేస్తుంది. అంచు ఏమాత్రం వంకరగా ఉన్నా అతుకు నిలువదు. రెండు పలకలు అలా వృథా అయ్యాయి.

మొదటి రాత్రే కరెంటు పోయింది. పంపు ఆగినా పైతొట్టి నీరు కొంత దిగుతూనే ఉంటుంది; తిరుగు గొట్టం కూడా నీటిని వెనక్కి లాగుతుంది. నిండుగా ఉన్న సంపు పొంగి గదంతా తడిసింది. మరునాడు ఆ నీటికి సంపులో చోటు విడిచి, గొట్టానికి పైతొట్టి నీటిమట్టం కాస్త దిగువన గాలి చొరబడే చిన్న రంధ్రం చేశాను.

అసలు చిక్కు మధ్య అరతో వచ్చింది. చేపల విసర్జనలోని అమోనియాను నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులకు అక్కడ సన్నని రంధ్రాలుగల పదార్థం కావాలి. అబ్బాయి తీరాన దొరికిన పగడపు ముక్కలను దోసిలినిండా తెచ్చాడు. "చచ్చినవే కదా నాన్నా!" అన్నాడు. కొట్టివేయదగిన మాట కాదు. కాని ఎదుటనున్నది 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సాగర జాతీయోద్యానం. గట్టి పగడాలకు 2001 నుండి వన్యప్రాణి చట్టరక్షణ ఉంది. పైగా ఆ ముక్కలే అరిగి తీరపు ఇసుక అవుతాయి. 2004 సునామీని చూచిన తీరాన ఇసుక విలువ వేరుగా చెప్పాలా?

ఇద్దరమూ వెళ్లి వాటిని తీసినచోటనే వేసి వచ్చాము. దారిలో వాడు మాట్లాడలేదు. ఇంటికి రాగానే పెరట్లోని పాత ఇటుకనొకదానిని సుత్తితో కొట్టసాగాడు.