వరుసలోని న్యాయము

మా ఉయ్యూరు చెరకునకు పేరొందిన యూరు. 1941వ సంవత్సరమున వెలగపూడి రామకృష్ణగారు స్థాపించిన కె.సి.పి. సంస్థ పేరెరుగని రైతు మా ప్రాంతమున లేడు. చెరకు రైతు బిడ్డనగుటచే వరుస యొక్క విలువ నాకు బాల్యముననే తెలిసినది. నరికిన చెరకు ఎండలో నిలిచినకొలది బరువును, తీపియు గోల్పోవును. కావున ముందెవరు, వెనుకెవరు అనునది రైతునకు చిన్న మాట కాదు.

ఇప్పుడు నా వృత్తి కంప్యూటరుతో. యంత్రములకు విద్య నేర్పుటకై మేము వాడు పైటార్చ్ అను లైబ్రరీయందు, సంఖ్యలను వరుసపెట్టుటకు సార్ట్ అను ఆజ్ఞ గలదు. దానిని వాడునపుడెల్ల నాకు చెరకు బండ్లే జ్ఞప్తికి వచ్చును.

నలుగురు రైతుల బండ్లు ఒకదాని వెనుక నొకటి వచ్చినవనుకొందము. వారి చెరకు నరికి క్రమముగా 30, 42, 30, 18 గంటలైనది. ఎక్కువ కాలము నిలిచినది ముందు పోవలెనన్నచో, సార్ట్ 42, 30, 30, 18 అని యిచ్చును. కాని అవి యెవరి గంటలో తెలియవలదా? అందుచే ఆ యాజ్ఞ ప్రతి సంఖ్య యొక్క పూర్వస్థానమును గూడ తెలుపును. మొదటి బండిని సున్నగా లెక్కించినచో ఆ స్థానములు 1, 0, 2, 3.

ఇచ్చట నొక సూక్ష్మము గలదు. 30 గంటలవారు ఇరువురు. వారిలో మొదట వచ్చినవాడే ముందుండుట న్యాయమని మనమందుము. యంత్రము మాత్రము మనమడుగనిదే అట్టి హామీ యీయదు. సమానులను తారుమారు చేసినను చేయవచ్చును. స్టేబుల్ అను నియమమును మనము కోరినచో సమానుల పూర్వక్రమము చెడదు.

ఇది సాధ్యమగు తెరువు మిక్కిలి సులభము. 1945లో జాన్ వాన్ నాయ్‌మన్ రూపొందించిన మెర్జ్ సార్ట్ పద్ధతిలో జాబితాను రెండు సగములు చేసి, వేర్వేరుగా వరుసపెట్టి, పిదప రెండు వరుసల ముందువారిని పోల్చుచు కలుపుదురు. ఇరువురును సమానులైనచో మొదటి సగములోని వానినే ముందు తీసికొందురు. ఈ చిన్న కట్టుబాటే క్రమమును కాపాడును.

విద్యార్థులారా! నేడు మార్కులను, దరఖాస్తులను గూడ యంత్రములు వరుసపెట్టుచున్నవి. ఒక్క స్థానమే మిగిలి, ఇరువురు సమానులైనపుడు, పైనున్న పేరు అధికుని పేరని తలంపకుడు. సమానులలో ఎవరు ముందో, ఏల ముందో యంత్రమునకు ముందుగా చెప్పవలసినవారు మనుష్యులే. మీలో కొందరు రేపు ఆ పని చేయుదురు. అపుడు ప్రతి సంఖ్య వెనుకను ఒక బండియు, బండి ప్రక్కన ఒక రైతును నిలిచియున్నారని యెరుగుడు.