బిస్కెట్ల డబ్బాలో పనిముట్లు

వడ్రంగికి పనిముట్ల సంచి ఉంటుంది. క్షురకునికి పొది ఉంటుంది. కంసాలి త్రాసుకు సైతం దాని కొలతకు తగిన కొయ్యపెట్టె ఉండేది. ఇంట్లో కుట్టుపని చేసే స్త్రీకి మాత్రం బిస్కెట్ల డబ్బా ఉంటుంది. అదీ బిస్కెట్లు అయిపోయిన తరువాతనే ఆమె చేతికి వస్తుంది.

నీలంరంగు గుండ్రటి డబ్బా మూతను ఆశగా తీసి, లోపల దారపు రీళ్ళు చూసి ఉసూరుమనని పిల్లలు అరుదు. దాన్ని తలచుకుని నవ్వుకుంటాం గాని, ఏ డబ్బాలో ఏది ఉండాలన్న నిర్ణయం వెనుక ఎంత ఆలోచన ఉంటుందో గమనించం.

మా అమ్మ పట్టుదారపు లచ్ఛీలను ఏనాడూ గాజుసీసాలో పెట్టలేదు. వెలుతురు తగిలితే రంగు వెలుస్తుంది కనుక వాటికి రేకుడబ్బా. గుండీలకు హార్లిక్స్ సీసా. కావలసిన గుండీ ఉందో లేదో మూత తీయకుండానే తెలియాలి. వానాకాలంలో తుప్పు పట్టకుండా సూదులను పౌడరు అద్దిన గుడ్డముక్కకు గుచ్చి, పక్కన ఒక సుద్దముక్క వేసేది. సుద్ద చెమ్మను పీల్చుకుంటుంది. కెమెరా రీళ్ళు వచ్చే నల్లటి డబ్బీలో మిషను బాబిన్లు దొంతరగా అమిరేవి. ఫోటో స్టూడియోలో అడిగితే ఆ డబ్బీలు ఊరకే ఇచ్చేవారు. డిజిటల్ కెమెరాలు వచ్చాక అవి అరుదైపోయాయి. సొట్టపడిన పాత పోపులపెట్టెలోని ఏడు గిన్నెలలో ఏడు రకాల పూసలు. "ఆవాలు కొలిచిన చేతికి పూసలు ఒక లెక్కా?" అనేది.

అమృతాంజనం సీసాది ఇంకో కథ. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో ఆ వ్యాపారం ప్రారంభించారు. ఆ లాభాలే 1908లో అక్కడే పుట్టిన ఆంధ్రపత్రికకు అండగా నిలిచాయి. ఒక తెలుగు పత్రికను నిలబెట్టిన ఆ చిట్టిసీసా ఖాళీ అయ్యాక మా ఇంట్లో టిచ్ బటన్లను మోసింది. ఎంత కడిగినా ఘాటు పోయేది కాదు. మా వీధిలో ఎవరి రవికె బటన్లయినా కొత్తలో కాస్త అమృతాంజనం వాసన వేసేవి.

దీనిని పొదుపు అని మెచ్చుకుంటాం. మెచ్చుకోవలసినదే. అయితే సొంత పెట్టె లేని పనిముట్లు పనిముట్లుగా కనబడవు. అవి కనబడని చోట పని కూడా కాలక్షేపంగానే మిగులుతుంది. వీధిలో సగం రవికెలు అమ్మ కుట్టినవే. నా పరీక్షల ఫీజులు చాలాసార్లు ఆ డబ్బా అడుగునుంచే వచ్చాయి. అయినా ఏ దరఖాస్తులోనైనా వృత్తి అన్నచోట "గృహిణి" అనే రాసేవాళ్ళం.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ నర్సాపురం లేసు అల్లే స్త్రీల మీద 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. ఆ లేసు విదేశాలకు ఎగుమతి అవుతున్నా, అల్లేవారిని తీరికవేళ ఏదో చేసుకునే గృహిణులుగానే లెక్కగట్టడం వల్ల వారి కూలి ఎంత తక్కువగా ఉండిపోయిందో ఆమె వివరించారు. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఊరికి పేరు వచ్చింది, సంతోషమే. అల్లిన చేతులకు రావలసిన పేరు మాత్రం ఇంకా బాకీ ఉంది.

అంగళ్ళలో ఇప్పుడు చిన్నచిన్న అరలున్న ప్లాస్టిక్ పెట్టెలు దొరుకుతున్నాయి. ఆ మధ్య ఒకటి కొని అమ్మకిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి బాగుందంది. మరునాటికి అందులో బి.పి. మాత్రలు, కాల్షియం మాత్రలు వరుసగా సర్దుకుని ఉన్నాయి. సూదులు వాటి చోటనే ఉన్నాయి.

మొన్న కళ్ళ ఆసుపత్రిలో ఆమె పేరిట కాగితం నింపుతూ వృత్తి అన్నచోట "కుట్టుపని" అని రాశాను. అమ్మ కళ్ళజోడు సవరించుకుని చదివింది.

"అదేం వృత్తిరా" అని నవ్వింది. కొట్టివేయమని మాత్రం అనలేదు.