బెల్లినీ తెలుపు, పొందూరు చూపు

లండన్ నేషనల్ గ్యాలరీలో వెనిస్ చిత్రకారుడు జొవాన్ని బెల్లినీ 1500-1505 ప్రాంతంలో గీసిన ‘పచ్చికబయలు మడోన్నా’ ఉంది. మడోన్నా అంటే క్రీస్తు తల్లి మరియమ్మ. నేలమీద కూర్చున్న ఆమె శిరస్సు కొనగా, చుట్టూ పరచుకున్న నీలివస్త్రం అడుగుగా ఒక త్రిభుజం ఏర్పడుతుంది. రూపాలను ఇలా ఒక అమరికలో ఒదిగించడాన్నే కూర్పు అంటారు. అఫ్ఘానిస్తాన్ గనుల నుంచి వచ్చే లాపిస్ లాజులి రాతిని నూరి చేసే నీలం ఆ కాలంలో ఎంతో ఖరీదైనది కనుక, విమర్శకులు మొదట దానినే ప్రస్తావిస్తారు.

పొందూరు బట్టను ఎరిగిన ప్రవాసాంధ్రుల కంటికి మాత్రం నీలంకంటే ముందు ఆనవలసింది ఆమె ముఖాన్ని చుట్టి కిందికి దిగిన తెల్లని ముసుగు. శ్రీకాకుళం జిల్లాలోని ఆ ఊళ్లో పత్తిని వాలుగ చేప దవడతో ఏకి, గింజ తీసి, రాట్నం మీద 100 కౌంటు నూలు వడుకుతారు. కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది. అంత సన్నని నేతలో తెలుపు ఎక్కడా ఒక్కతీరుగా ఉండదు: మడతలో మందగిస్తుంది, ఒంటిరంగు తొంగిచూసినచోట వెచ్చబడుతుంది, వెలుతురు తగిలినచోట విచ్చుకుంటుంది. బెల్లినీ సాధించినదీ అదే. రంగును నూనెలో కలిపి పలుచని పొరలుగా వేసే పద్ధతివల్ల నీడ గీతలా తెగిపోక మెల్లగా వెలుగులోకి జారుతుంది. ఈ తెలుపు లేకపోతే ముఖం నీలంలో మునిగిపోయేది. నిజానికి త్రిభుజపు కొనను నిలబెట్టింది ఇదే.

చిత్రభావం కూడా ఈ తెలుపు దగ్గరే లోతెక్కుతుంది. వెనుక పొలాలు, పశువులు, కోటగోడల ఊరు ఉన్నాయి. పైపైన చూస్తే అంతా శాంతరసమే. కానీ ఎడమవైపు మోడు చెట్టుమీద నల్లని పక్షి వాలి ఉంది, ఒడిలోని శిశువు నిద్రలో దాదాపు నిర్జీవంగా వాలిపోయి ఉన్నాడు. సిలువనుంచి దించిన కుమారుడిని తల్లి ఒడిలో చూపే చిత్రసంప్రదాయాన్ని పియెటా అంటారు. ఈ నిద్ర ఆ మరణాన్ని ముందే సూచిస్తుంది. మరియమ్మ చేతులు బిడ్డను పట్టుకోవు, అతనికి పైగా వేళ్లకొనలు ఒకదానికొకటి ఆన్చి ప్రార్థిస్తాయి. పెళ్లికీ చావుకీ తెల్లబట్టనే తెచ్చుకునే తెలుగువారికి ఈ ముసుగులో పసితనపు పొత్తిగుడ్డతోపాటు శవవస్త్రమూ కనిపించడం అతివ్యాఖ్యానం కాదు, శాంతం అడుగున బెల్లినీ దాచిన కరుణరసాన్ని అందుకోవడమే.